మేతలో కలిపిన మాత్రలు

రొయ్యల మేత ఎలా కలుపుతారో చూసినవాళ్ళకు మా ఇంట్లో మాత్రలు మింగిన పద్ధతి వెంటనే అర్థమవుతుంది. చెరువు గట్టు మీద టార్పాలిన్ పరుస్తాం. దాని మీద మేత బస్తా గుమ్మరిస్తాం. మినరల్స్ పొడి, విటమిన్ల పొడి, రొయ్య పేగుకు మంచిదని కంపెనీవాళ్ళు అంటగట్టే ఇంకో పొడి, అన్నీ ఆ మేత మీదే చల్లి, జిగురు నీళ్ళు పోసి, చేతులతో కలిపి ఆరబెడతాం. మేత తింటే అన్నీ కడుపులోకి పోయినట్టే. విడివిడిగా ఇవ్వాలంటే ఏ రొయ్యను పట్టుకుని నోరు తెరవమంటాం?

మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ, ఆవిడతో సహా, ఇదే పద్ధతి సహజంగా తోచింది. మధ్యాహ్నం కంచంలో పెరుగన్నం దాకా వచ్చాక ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, ఇంకో చిన్న పసుపు మాత్ర అన్నీ ఒకేసారి అరచేతిలోకి వచ్చేవి. వాటికి తోడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద అద్దాల షాపులో నేను కొన్న జింక్ సీసా ఒకటి. ఒంటికి బలం అని షాపతను చెబితే, బలం ఎంత ఉంటే అంత మంచిదేగా అనుకున్నాను. అన్నిటినీ మింగడానికి మా అమ్మ గ్లాసెడు పాలు అందించేది. పాల గ్లాసు దించగానే మా ఆవిడకు టీ పడాలి. టీ లేకపోతే ఆ మనిషి మనిషి కాదు.

మా చెరువులు కృత్తివెన్ను వైపు, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటాయి. మా తాత, మా నాన్న వేటకు వెళ్ళినవాళ్ళు. నేను డిగ్రీ చదివి, సముద్రం మీదికి పోయే ధైర్యం లేక, సముద్రాన్నే కాస్త పొలంలోకి తెచ్చుకున్నాను. మా అమ్మ బందరు చేపల మార్కెట్లో పీతలు అమ్మిన మనిషి. పీతను వెల్లకిలా తిప్పి, కాళ్ళ మొదట్లో పొట్ట మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేది. గట్టిగా ఉంటే బుట్టలోకి. మెత్తగా లోపలికి పోతే అది కొత్తగా గుల్ల విడిచిన పీత, చూడ్డానికి నిండుగా ఉన్నా లోపల నీళ్ళే. దాన్ని పక్కన తడిగోనె కింద పెట్టి, "దీన్నెవరూ ముట్టుకోకండి, ఇది ఇంకా నిండాలి" అనేది. అలాంటి పీతను ఎవరికీ అంటగట్టలేదని ఆవిడకు ఇప్పటికీ గర్వం.

మా ఆవిడది కూచిపూడి పక్క ఊరు. చిన్నప్పుడే తల్లి పోయింది. తమ్ముణ్ణి కని, ఒంట్లో రక్తం లేక పోయిందని బంధువులు చెప్పుకునేవారు. అందుకే పుట్టింటికి పంపకుండా కాన్పు మనమే చేయించాలని అమ్మ ముందే పట్టుబట్టింది. మొదటిసారి పటమటలో డాక్టరమ్మగారికి చూపించడానికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ మా ఆవిడ కింది కనురెప్పను బొటనవేలితో మెల్లిగా దించి, "ఇక్కడ ఎర్రగా ఉండాలమ్మా, మీకు పాలిపోయింది" అన్నారు. అమ్మ కూడా వంగి చూసింది. రక్తపరీక్ష కూడా అదే మాట చెప్పింది.

వచ్చేటప్పుడు కారులో అమ్మ తన బొటనవేలినే చూసుకుంటూ కూర్చుంది. ఉయ్యూరు దాటాక, "నేను పీత పొట్ట నొక్కి చూసినట్టు, ఆవిడ కన్ను చూసి లోపలి సంగతి చెప్పేసిందిరా" అంది. డాక్టర్ల మీద నమ్మకం లేని మా అమ్మ నోట అంత మెచ్చుకోలు నేను అంతకుముందు వినలేదు.

మా ఆవిడ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏవండీ, మా అమ్మక్కూడా ఇలాగే ఉండేదంటండి" అంది. ఏం కాదులే అన్నాను. ఆ మాటకు బలం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు నుంచి మాత్రలు ఒక్కటీ తప్పలేదు. నేను చెరువు దగ్గరుంటే ఫోన్ చేసి మరీ అడిగేవాణ్ణి. అమ్మ పాలు పట్టుకుని కూర్చునేది. అయినా నెల తిరిగి పరీక్ష చేయిస్తే రక్తం ఉన్నచోటే ఉంది. ఆ పై నెలా అంతే. డాక్టరమ్మగారు మాత్ర మార్చారు. "ఇంకోసారి చూద్దాం. అప్పటికీ పెరక్కపోతే ఐరన్‌నే నరానికి ఎక్కిద్దాం. కాన్పులో కొంత రక్తం పోవడం మామూలే. దానికి తగ్గ నిల్వ ఉండాలండీ" అన్నారు. ఆ నిల్వ అన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

సరిగ్గా అదే రోజుల్లో నా పెద్ద చెరువు నన్ను ఏడిపించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్ళలో దించే వలపళ్ళెం, పైకి లేపితే రొయ్యలు ఎగరాలి. ఎగిరేవి తక్కువ, తోక తలకు ఆనుకునేలా వంగిపోయి బిగుసుకునేవి ఎక్కువ. పైగా గుల్లలు మెత్తబడ్డాయి. మావాళ్ళకు తెలిసిన మందు ఒకటే. రొయ్య తుమ్మినా సున్నమే, దగ్గినా సున్నమే. గుల్లకు కాల్షియం కావాలి, కాల్షియమంటే సున్నం, వెయ్యి ఇంకో నాలుగు బస్తాలు. వేశాను. మర్నాడు ఇంకా ఎక్కువ వంగిపోయాయి. మళ్ళీ వేశాను. తల ప్రాణం తోకకొచ్చింది, నాకూ రొయ్యకూ కూడా.

అదే వారంలో ఇంట్లో మా ఆవిడకు పిక్కలు పట్టేయడం మొదలైంది. కాలు చాపుకుని కూర్చున్న మనిషి ఉన్నట్టుండి "అబ్బా" అని పిక్క పట్టుకునేది. బిగుసుకున్న ఆ కండ చేతికి రాయిలా తగిలేది. పగలంతా రొయ్య తోకలు, సాయంత్రం ఈ పిక్కలు. రెండిటికీ సంబంధం ఉందని నాకు తోచలేదు, చిరాకు మాత్రం రెండిటి మీదా ఒకేసారి వచ్చేది.

చివరికి సీసాలో నీళ్ళు పట్టుకుని కైకలూరులో ఒక ల్యాబుకు వెళ్ళాను. అక్కడ నీళ్ళు పరీక్ష చేసే ఆయన నెమ్మదస్తుడు. ఫలితం చూసి, "ఇంక సున్నం వెయ్యకండి బాబూ" అన్నాడు.

"గుల్ల మెత్తగా ఉంది కదండీ?"

"మీ నీళ్ళలో కాల్షియం బోలెడుంది. మెగ్నీషియం, పొటాషియమే దానికి తగ్గట్టు లేవు. మీరు కాల్షియం పెంచేకొద్దీ అవి ఇంకా చాలకుండా పోతాయి. ఏదెంతుందని కాదండి చూడాల్సింది, దేనికి ఏది ఎంతుందని చూడాలి." తర్వాత మాటల్లో మాటగా ఇంకొకటి చెప్పాడు. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం కాల్షియానికి మూడింతలు ఉంటుందట. రొయ్య పుట్టింది ఆ నీళ్ళలో కాబట్టి దాని ఒళ్ళు ఆ లెక్కకే అలవాటు పడిందట.

నేను తిన్నగా ఇంటికి రాలేదు. బండి సముద్రం దాకా పోనిచ్చాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సముద్రమే. దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు తప్ప ఇంకేమీ తెలియలేదు. అందులో మెగ్నీషియం ఉంది, కాల్షియం ఉంది, పొటాష్ ఉంది, పేరు తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో. ఎన్ని ఏళ్ళుగా, ఎన్ని నదులు కొండల్ని కరిగించి తెచ్చి పోస్తుంటే, ఆ పాళ్ళు అలా నిలిచాయో. మా కృష్ణ కూడా తన వంతు తెచ్చి హంసలదీవి దగ్గర పోస్తూనే ఉంది కదా. నాలుగు బస్తాలు అటూ ఇటూ అయితే నా చెరువు తలకిందులైపోయింది. ఇంత నీటిని సమంగా ఉంచుతున్నది ఏమిటని ఒళ్ళు జలదరించింది. మా నాన్న వేటకు వెళ్ళే ముందు ఎందుకు దండం పెట్టేవాడో నాకు ఆ పూట తెలిసింది.

మెగ్నీషియం, పొటాష్ కొద్దికొద్దిగా వేస్తూ వచ్చాక చెరువు తేరుకుంది. వారం తిరిగేసరికి ట్రే లేపితే రొయ్యలు మొహం మీదికి ఎగిరాయి. ఆ సంతోషంలోనే పటమట వెళ్ళాం.

మళ్ళీ పరీక్ష. రక్తం పెరగలేదు. డాక్టరమ్మగారు ఈసారి మాత్రల పేర్లు అడగలేదు. "ఎప్పుడు వేసుకుంటున్నారు, దేంతో వేసుకుంటున్నారు?" అని అడిగారు.

మా ఆవిడ నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "మధ్యాహ్నం భోజనంలో అన్నీ ఒకేసారి ఇచ్చేస్తామండి. పాలతో. ఒక్కటి కూడా మర్చిపోం."

"తర్వాత టీ తాగుతాను" అని మా ఆవిడ మెల్లిగా కలిపింది.

డాక్టరమ్మగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారేమో అనుకున్నాను, కోప్పడలేదు. "ఐరన్‌నీ కాల్షియాన్నీ కలిపి పంపిస్తే కాల్షియం ఐరన్‌ని సరిగ్గా లోపలికి పోనివ్వదండీ. పాలల్లో ఉన్నదీ కాల్షియమే. అది చాలదన్నట్టు టీ. మీరు రోజూ ఇస్తున్నారు, అందులో చాలా భాగం రోజూ బయటికి పోతోంది" అన్నారు.

"ఏదెంతుందని కాదు, దేనికి ఏదెంతుందనా అండీ?" అన్నాను.

"మీకెవరు చెప్పారీ మాట?"

"మా రొయ్యల ల్యాబులో ఆయనండి."

ఆవిడ నవ్వారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు వేరే. భార్యను పట్టుకుని రొయ్యలతో పోలుస్తావా అని ఆ చూపు. నేను అదేం పట్టించుకునే స్థితిలో లేను. నా బుర్రలో ఆ చెరువూ ఈ కడుపూ ఒకదాని మీద ఒకటి పడి తిరుగుతున్నాయి.

సంచిలోంచి జింక్ సీసా కూడా తీసి చూపించాను. ఆవిడ దాని మీద రాసింది చదివి పక్కన పెట్టేశారు. "ఇంత అక్కర్లేదు. జింక్ మరీ ఎక్కువై, అలాగే చాన్నాళ్ళు వాడితే ఒంటికి రాగి అందదు."

"మన ఒంట్లో రాగి ఉంటుందా అండీ?"

"ఉంటుందండీ, చిటికెడు కూడా ఉండదు. కానీ అది లేకపోతే ఇనుము ఉండి కూడా రక్తానికి పనికిరాదు."

ఆ కుర్చీలో కూర్చుని నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ఈ చేతుల్లో ఇనుము ఉంది, రాగి ఉంది, సున్నం ఉంది. ఒకదాని వెనక ఒకటి నిలబడి, ఒకటి పక్కదానికి చోటిస్తూ, చోటు ఇవ్వకపోతే తగవు పడుతూ, మనకు తెలియకుండానే మనల్ని నడిపిస్తున్నాయి. నలభై ఏళ్ళుగా అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాను తప్ప లోపల ఇంత సర్దుబాటు జరుగుతోందని ఎన్నడూ అనుకోలేదు. గుడికి వెళ్ళినప్పుడు కూడా నాకు అంత వినయం కలగలేదంటే నమ్మండి.

"బిడ్డ అడగదమ్మా, తీసేసుకుంటుంది. ముందు తనకి కావలసింది తీసుకుంటుంది, మీకు మిగిలింది మీకు" అని డాక్టరమ్మగారు మా ఆవిడతో అన్నారు. ఐరన్ మాత్ర పొద్దున్నే నిమ్మరసంతో వేసుకోవాలి. టీ దానికి బాగా దూరంగా ఉండాలి. కాల్షియం రాత్రి భోజనం తర్వాత. పిక్కలకు వేరే ఏదో కొద్ది మోతాదులో రాశారు. సొంతంగా ఏ సీసా కొనవద్దని నా వైపు చూసి చెప్పారు.

తిరుగు ప్రయాణంలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆ అద్దాల షాపు కనిపించింది. నా చూపు అటు పోవడం చూసి, "దిగుతారా, ఇంకో బలం సీసా కొనుక్కుందాం" అంది మా ఆవిడ. ఆ నెలల్లో ఆవిడ నన్ను వెక్కిరించడం అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది.

టీ దగ్గర మాత్రం పెద్ద యుద్ధమే జరిగింది. పొద్దున లేవగానే టీ లేకుండా నిమ్మరసమంటే, "టీ మానెయ్యమంటే మిమ్మల్నే మానేస్తాను" అంది. మానెయ్యక్కర్లేదు, కాస్త ఆగితే చాలని నేను, ఆగడమూ మానడమూ ఒకటేనని ఆవిడ. అమ్మ మధ్యలో నిలబడి, పాలు ఎప్పుడివ్వాలో తెలియక గ్లాసుతో అటూ ఇటూ తిరిగేది. ఎలాగో పద్ధతి కుదిరింది. ఆ నెల రక్తం కదిలింది. ఆ పై నెల ఇంకాస్త. అవే మాత్రలు, అదే మనిషి, అదే ఇల్లు. మారింది వేళ ఒక్కటే.

ఆవిడకు ఎనిమిదో నెల ఉండగా, అమావాస్య మర్నాడు పొద్దున్నే గట్టు మీదికి వస్తానంది. అమావాస్యకూ పున్నమికీ రొయ్యలు ఎక్కువగా గుల్ల విడుస్తాయి. ట్రే లేపి చూపించాను. అందులో విడిచిన గుల్లలు, మీసాలతో సహా, కళ్ళ చోటు కూడా చెక్కుచెదరకుండా, లోపల ఏమీ లేకుండా ఉన్నాయి. పక్కనే గుల్ల విడిచిన రొయ్యలు మెత్తగా, కదలడానికే భయపడుతున్నట్టు ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంది. ఇలాంటిది సాయంత్రానికే గట్టిపడుతుందని, దానికి కావలసిన సరుకు చాలావరకు నీళ్ళలోంచే లాక్కుంటుందని చెప్పాను. ఎన్ని పంటలు తీసినా ఆ మెత్తటిది గట్టిపడటం నాకు ఇప్పటికీ వింతే.

"ఇన్ని రొయ్యలు లాక్కుంటే నీళ్ళలో ఏం మిగిలిద్దండీ?" అంది.

"ఏమీ మిగలదు. అందుకేగా మళ్ళీ మనం వేసేది."

ఆవిడ రొయ్యను నీళ్ళలోకి వదిలి, తడిచేతిని పొట్ట మీద పెట్టుకుంది. "అయితే నేను నీళ్ళన్నమాట" అంది.

నేను ట్రేను మెల్లిగా నీళ్ళలోకి దించాను. అన్నేళ్ళూ రొయ్య ఎలా ఉందని చూశాను. నీళ్ళను కూడా రొయ్య కోసమే చూశాను. నీళ్ళకు ఎలా ఉంటుందో నాకు ఎప్పుడూ తట్టలేదు.

పటమటలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. రక్తం అనుకున్నదానికంటే ఎక్కువే పోయింది. బయట బల్ల మీద కూర్చున్న అమ్మ నా చెయ్యి వదల్లేదు. చాలాసేపటికి డాక్టరమ్మగారు బయటికొచ్చి, "నిల్వ ఉంది కాబట్టి తట్టుకుందండీ. మూడు నెలల కిందటిలా ఉండుంటే నేనూ భయపడేదాన్ని. ఐరన్ మాత్రం ఆపకండి" అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

ఇంటికొచ్చాక ఇల్లంతా బిడ్డ చుట్టూ తిరిగింది. బిడ్డ బంగారంలా ఉంది, గోళ్ళు కూడా గట్టిగా ఉన్నాయి. అమ్మ తనకు తెలిసిన బాలింత పథ్యమంతా మొదలుపెట్టింది. వెల్లుల్లి కారం, సొరచేప పొడికూర, పాలు. పులుపు మాత్రం గడప తొక్కకూడదు. నిమ్మకాయలు తీసి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. మాత్ర కూడా ఆపించింది, చెరువు పనిలో పడి నేను చూసుకోలేదు. మా ఆవిడ ఎదురు చెప్పలేదు, తల్లి లేని పిల్ల, అత్త చేస్తున్న చాకిరీకే కరిగిపోయి ఉంది. ఒక పొద్దున నేను గట్టు మీద నుంచి వచ్చేసరికి ఆవిడ బిడ్డ గుడ్డలు తీసుకుని పెరట్లోకి పోతూ, గోడ పట్టుకుని ఆగిపోయి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. మాత్ర వేసుకున్నావా అంటే, అత్తయ్యగారు వద్దన్నారంది.

నాకు కోపం ఆగలేదు. "మాత్ర ఎందుకు ఆపారు? నిమ్మకాయలేవి?" అని అరిచాను.

"బాలింతకి పులుపేంట్రా? బిడ్డకి జలుబు చేసిద్ది. కాన్పు అయిపోయింది, ఇంకా మాత్రలెందుకు? నేను నలుగుర్ని కన్నాను, నాకెవడు మింగించాడు?" అని అమ్మ కూడా అంత గొంతుతోనే అంది.

డాక్టరమ్మగారు చెప్పారన్నాను. వినలేదు. ల్యాబు, పాళ్ళు, రాగి, అన్నీ చెప్పాను. రొయ్యల సంగతి రొయ్యల దగ్గర చూసుకోమంది. గోడకు ఆనుకుని ఉన్న మనిషిని చూస్తూ, గొంతు తగ్గించి ఒక్కటే అన్నాను. "అమ్మా, అది గుల్ల విడిచిన పీత. పైకి నిండుగా కనిపిస్తోంది. నువ్వు నొక్కి చూడకుండానే బుట్టలో వేస్తున్నావు."

అమ్మ మొహం ఒక్కసారి మారింది. చేతిలో ఉన్న గరిటె కింద పెట్టి, పెరట్లోకి వెళ్ళి, కోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టింది. గుడ్డలు లాక్కుని నా చేతిలో పెట్టింది. తర్వాత కోడలి గడ్డం ఎత్తి పట్టుకుని, అన్నేళ్ళు పీతల పొట్టలు నొక్కిన ఆ బొటనవేలితో కింది కనురెప్పను మెల్లిగా దించింది. చాలాసేపు చూసింది.

"దీన్నెవరూ పనికి పిలవకండి" అంది. "ఇది ఇంకా నిండాలి."

పక్కింటికి తనే వెళ్ళి నిమ్మకాయ అడిగి తెచ్చింది.